చేతిలో బరువుతో లాంగ్ జంప్

గ్రీసులోని ఎల్యూసిస్‌లో ఒక సీసపు దిమ్మ దొరికింది. క్రీ.పూ. 6వ శతాబ్దం నాటిది. బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. ఎపైనెటోస్ అనే ఆటగాడు దూకే పోటీలో గెలిచాడనీ, గెలుపు ఈ దిమ్మల పుణ్యమేననీ దాని మీద చెక్కి ఉంది. దిమ్మలు అంటే జత. చేతికి ఒకటి చొప్పున పట్టుకుని దూకేవాళ్లు.

మొదటిసారి చదివినప్పుడు నాకు మింగుడుపడలేదు. రెండు చేతుల్లో కూరగాయల సంచులుంటే చిన్న మురుగు కాలువ దాటడానికే తడబడతాం. బరువులు మోసేవాడు ఖాళీ చేతులవాడి కంటే దూరం ఎలా దూకుతాడు? కానీ అరిస్టాటిల్ కూడా అదే రాశాడు: చేతుల్లో బరువులుంటే ఆటగాళ్లు ఎక్కువ దూరం దూకుతారని.

ఈ దిమ్మల పేరు హాల్టీర్లు. రాతితోనో సీసంతోనో చేసేవారు, పట్టుకోవడానికి మధ్యలో గాడి లేదా కన్నం ఉండేది. దూకడం విడిగా ఒక పోటీ కాదు. డిస్కస్, జావెలిన్, పరుగు, కుస్తీతో కలిపి ఐదు ఆటల పెంటాథ్లాన్‌లో ఒకటి. పాతకాలపు ఒలింపిక్స్ జరిగిన ఒలింపియాలో ఇది క్రీ.పూ. 708లో మొదలైందని గ్రీకుల లెక్క. దూకే చోట మట్టిని పలుగుతో తవ్వి గుల్ల చేసేవారు. పక్కన ఒకతను సన్నాయిలా ఊదే రెండు గొట్టాల వాద్యం వాయించేవాడు. ఆ లయకి చేతులు ఊపుతూ ఆటగాడు ఎగిరేవాడు. మట్టిలో పాదముద్ర స్పష్టంగా పడకపోతే ఆ దూకును కొలవనే కొలవరు.

ఇంతకీ బరువు ఏం చేస్తుంది? 2002లో ఆల్బెర్టో మినెట్టి, లూకా అర్దిగో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కంప్యూటర్ నమూనాలతోనూ మనుషులతోనూ పరీక్షించి ‘నేచర్’ పత్రికలో రాశారు. నిలబడ్డ చోటు నుంచి మూడు మీటర్లు దూకేవాడికి సరైన బరువులు ఇస్తే కనీసం 17 సెంటీమీటర్లు కలిసొస్తాయి. పోటీలో జానెడు తేడా చాలదూ!

కారణాల్లో నాకు బాగా నచ్చింది కండరాల సంగతి. చెయిన్ ఊడిన సైకిల్‌ని ఎంత బలవంతుడైనా గట్టిగా తొక్కలేడు. కాలు గిర్రున తిరుగుతుందే కానీ బలం చూపించడానికి ఎదురు ఏదీ ఉండదు. కండరం తీరే అంత. మరీ వేగంగా ముడుచుకుంటే బలం తగ్గుతుంది, కాస్త బరువు అడ్డుపడి నెమ్మదిస్తే బలం పెరుగుతుంది. పైగా బరువులు ఊపే భుజాల శక్తి కూడా దూకులో కలుస్తుంది. చేతులు ముందుకి, పైకి ఊగేసరికి పాదాలు ఇంకా నేల మీద ఉండగానే శరీరమూ బరువులూ కలిసిన మొత్తం గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, ముందుకి జరిగి ఉంటుంది.

ఇక గాల్లోకి లేచాక గరిమనాభి వెళ్లే దారిని ఎవరూ మార్చలేరు. కానీ దిగబోయే ముందు బరువులను గబుక్కున వెనక్కి ఊపితే, దానికి బదులుగా మిగతా ఒళ్లు, కాళ్లతో సహా, కొంచెం ముందుకి జరుగుతుంది. గ్రీకు కుండల మీది బొమ్మల్లో దిగబోయే ఆటగాడి చేతులు వెనక్కి ఉండటానికి కారణం ఇదే. అంతా టైమింగ్‌లోనే ఉంది. మా డాబా మీద రెండు లీటరు నీళ్ల సీసాలతో నేనూ ప్రయత్నించాను. చేతులు ఒక దారి, కాళ్లు ఒక దారి అయ్యాయి. పక్కన సన్నాయి ఎందుకు వాయించారో అప్పుడు అర్థమైంది.

బరువు ఎంతైనా ఫర్వాలేదని కాదు. రెండు చేతులవీ కలిపి రెండు నుంచి తొమ్మిది కిలోల లోపు అయితే లాభమని ఆ పరిశోధన తేల్చింది. తవ్వకాల్లో దొరికినవీ దాదాపు ఆ లెక్కలోనే ఉన్నాయి. ఒలింపియాలో స్పార్టావాడైన అక్మాటిడాస్ సమర్పించిన రాయి మాత్రం ఒక్కటే నాలుగున్నర కిలోలు దాటింది. దుమ్ము అంటకుండానే గెలిచానని దాని మీద రాసుకున్నాడు. అంటే ఎదురు నిలిచేవాడే లేక గెలిచాడన్నమాట.

క్రోటన్ నగరపు ఫాయిల్లోస్ 55 అడుగులు దూకాడని ఒక పాత పద్యం చెబుతుంది. అప్పటి అడుగుల లెక్కన 16 మీటర్ల పైనే. ఈనాటి లాంగ్ జంప్ రికార్డు 1991లో మైక్ పావెల్ దూకిన 8.95 మీటర్లు. ఒక్క దూకులో ఫాయిల్లోస్ అంత దూరం వెళ్లడం కల్ల. పద్యం కోతలు కోసిందని కొందరంటారు. వరసగా ఐదు దూకులని మరికొందరు. ఐదంటే ఒక్కోటి మూడు మీటర్ల పైచిలుకు, పైన చెప్పిన ప్రయోగంలోని దూకు అంతే. నా ఓటు దీనికే. పద్యం రాసినవాడు కోతలు కోసి ఉండడని మాత్రం హామీ ఇవ్వలేను.

హాల్టీర్ అనే మాట కీటక శాస్త్రంలో ఇంకా బతికే ఉంది. ఈగకి, దోమకి రెక్కలు ఒక్క జతే. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూదుల్లాంటి చిన్న కాడలు రెండు ఉంటాయి. వాటికి పెట్టిన పేరు ఇదే. ఎగిరేటప్పుడు ఇవి రెక్కలంత వేగంగా, రెక్కలు పైకి వెళ్తే కిందికి ఆడుతూ, ఒళ్లు ఏ కాస్త తిరిగినా పసిగడతాయి. వాటిని తీసేస్తే ఈగ గాల్లో నిలదొక్కుకోలేక గింగిరాలు తిరుగుతూ కింద పడుతుంది.