“మావాడు విజువల్ లర్నర్ అండి!”: హోమ్‌స్కూల్ సైన్సు, చరిత్ర సిలబస్‌లపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న తెలుగు అమ్మానాన్నలు సిలబస్ దగ్గరికి వచ్చేసరికి వేసే మొదటి ప్రశ్న ఇంచుమించు ఒకటే. “మావాడు విజువల్ లర్నర్, వాడికి ఏ సైన్సు సెట్ కొనాలి?” చిక్కంతా ఆ ప్రశ్న మొదటి సగంలోనే ఉంది.

అపోహ: పిల్లల లర్నింగ్ స్టైల్ తేల్చుకున్నాకే సిలబస్ కొనాలి.

చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అనే విభజన వినడానికి బాగుంటుంది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా దీనిమీద వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టారు. పిల్లల స్టైల్‌కు సరిపోయేలా పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం వాళ్లకు దొరకలేదు. పిల్లలకు ఇష్టాయిష్టాలు లేవని కాదు. ఇష్టం వేరు, వంటబట్టడం వేరు.

పాఠం ఎలా చెప్పాలో తేల్చేది పిల్లవాడి స్టైల్ కాదు, పాఠమే. గుండెలో నాలుగు గదుల్ని ఎవరికైనా బొమ్మ వేసే చూపించాలి. సాంద్రతను ఎవరైనా చేత్తో తేల్చి, ముంచి చూడాల్సిందే. యుద్ధాన్ని పటం లేకుండా చెబితే ఎంత బాగా వినే పిల్లకైనా దిక్కులు తెలియవు.

పిల్లల మధ్య నిజంగా తేడాలుండేది మూడు చోట్ల: ముందే తెలిసింది ఎంత, చదివే వేగం ఎంత, ఏ భాషలో ఆలోచిస్తారు. వీటిని ఇంట్లోనే చూసుకోవచ్చు. కొనబోయే పుస్తకంలోంచి సుమారు వంద మాటల పేరా ఒకటి పైకి చదివించండి. అయిదు మాటల దాకా తడబడితే మీరు పక్కనుంటే చాలు. పది దాటితే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు, లేదా మీరే చదివి వినిపించాలి. ఇది మోటు లెక్కే కానీ బాగానే పనిచేస్తుంది. తర్వాత పుస్తకం మూసి, చదివింది తెలుగులో చెప్పమనండి. తెలుగులో గడగడా చెప్పి, ఇంగ్లీషులో ఆగిపోతే లోటు సైన్సులో లేదు. అలాంటివాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ద్విభాషా పుస్తకాలు బాగా ఉపయోగపడతాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. పీడీఎఫ్‌లు ఉచితం.

ఒక హెచ్చరిక. ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చినా అక్షరాలు కూడబలుక్కుంటూ, చదివి వినిపిస్తే మాత్రం చక్కగా జవాబు చెప్పే బిడ్డకు “ఆడిటరీ లర్నర్” అని పేరు పెట్టి ఊరుకోకండి. అది డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకున్నా చదవడంలో వచ్చే ఇబ్బంది, కావచ్చు. మన ఊళ్లోనే మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది, పరీక్ష చేయించండి. నివేదిక చేతిలో ఉంటే రేపు బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగడానికీ పనికొస్తుంది.

అపోహ: చేత్తో చేసి నేర్చుకునే పిల్లలకు విదేశీ కిట్ అయితేనే మంచిది.

కిట్‌లో సరుకు బాగానే ఉంటుంది. ఇబ్బంది దానితో వచ్చే పుస్తకంతోనే. అక్టోబరులో రాలిన ఆకులు ఏరమంటుంది, చివరి మంచు కురిశాక విత్తనాలు నాటమంటుంది, ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో రాయమంటుంది. నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయని చెప్పేది ఏ పుస్తకమైనా, బెంగళూరు వంటగదిలో కొలిస్తే 97 దగ్గరే ఆగిపోతుంది. పిల్లవాడు థర్మామీటరు పాడైందనుకుంటాడు, పెద్దవాళ్లు కూడా అవునంటారు. పాడు కాలేదు. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి తక్కువ. చెన్నైలో ఉన్న పిన్నిగారింట్లో అదే కొలత తీయించి, రెండూ పక్కపక్కన రాయించండి. ఏ కిట్‌లోనూ ఇంతకు మించిన పాఠం దొరకదు. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం వాడొద్దు, 42 దాటితే పగులుతుంది. 110 డిగ్రీల దాకా కొలిచే ల్యాబ్ థర్మామీటరు కావాలి. బల్బు గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే నీళ్ల వేడి కాదు, గిన్నె వేడి చూపిస్తుంది.

మన నీళ్లతోనే చేసే ప్రయోగం ఇంకొకటి. మూడు అర లీటరు సీసాల్లో కావేరి నీళ్లు, బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు 200 మి.లీ. చొప్పున పోయండి. అయిదు గ్రాముల ఒంటి సబ్బు తురిమి 100 మి.లీ. గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్లలో కరిగించండి. సూది లేని సిరంజితో ఒక్కో సీసాలో 5 మి.లీ. వేసి, మూత బిగించి, ఇరవైసార్లు ఊపి, నిమిషం ఆగి నురగ ఎత్తును స్కేలుతో కొలవండి. బోరు నీళ్లలో నురగకు బదులు తెల్లటి తెట్టు కడుతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని విరగ్గొడతాయి. తర్వాత బోరు నీళ్లను పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, పైతేట మళ్లీ పరీక్షించండి. నురగ పెరిగితే అది తాత్కాలిక కఠినత్వం, అంటే మరిగిస్తే పోయేది. గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొర కూడా అదే. ఆ పొరమీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమంటుంది.

ఈ ప్రయోగం చెడేది ఎక్కువగా రెండు కారణాలతో. ఒకటి, సబ్బుకు బదులు హ్యాండ్‌వాష్ వాడటం. అందులో ఉండేది డిటర్జెంటు, కఠిన జలంలోనూ నురగ కక్కుతుంది. రెండోది మన అపార్ట్‌మెంట్ల మహిమ. కావేరి, బోరు, ట్యాంకరు నీళ్లన్నీ ఒకే సంపులో కలుస్తాయి కాబట్టి వంటింటి కుళాయిలోనూ బాత్రూమ్ కుళాయిలోనూ వచ్చేది ఒకే నీళ్లు. బోరు మోటారు దగ్గరే పట్టుకు రావాలి.

చవక సామానుతో సైన్సు అనగానే చిన్నచూపు చూసేవాళ్లకు ఒక మాట. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 గ్రామీణ పాఠశాలల్లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం ఇలాంటి సరుకుతోనే ముప్ఫై ఏళ్లు నడిచింది. వైర్లు, ఎల్‌ఈడీలు, అయస్కాంతాలు కావాలంటే ఎస్‌పీ రోడ్డు ఉండనే ఉంది.

అపోహ: మంచి యానిమేషన్ వీడియోలు ఉంటే ప్రయోగాలు అక్కర్లేదు.

వీడియోలో అన్నీ సరిగ్గానే జరుగుతాయి, ఇబ్బంది అదే. ఏప్రిల్ 24-25 తేదీల్లోనూ, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలోనూ బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిలువు డబ్బా నీడ మాయమవుతుంది. సరిగ్గా పన్నెండింటికి మేడ ఎక్కితే నీడ ఇంకా ఉంటుంది. పన్నెండుంపావు దాటాక చూడాలి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, బెంగళూరు ఉన్నది 77.6 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాలు లెక్కేయండి, ఎందుకు ఆలస్యమైందో పిల్లలే చెబుతారు.

అపోహ: చరిత్ర అంటే కథలు. వినడం ఇష్టమైన పిల్లలకు ఆడియో కథలు పెడితే సరిపోతుంది.

కథ తలుపు తెరుస్తుంది, అంతవరకే. “ఇది మనకెలా తెలుసు?” అని అడగని చరిత్ర సిలబస్ ఎంత అందంగా అచ్చేసినా మేము పక్కన పెట్టేస్తాం. విదేశీ హోమ్‌స్కూల్ సెట్లలో చాలావాటిది నాలుగేళ్ల చుట్టు: ప్రాచీనం, మధ్యయుగం, తొలి ఆధునికం, ఆధునికం. గీతలు గీసేది రోమ్ పతనం దగ్గరా, యూరప్ సంఘటనల దగ్గరా. అందులో రాష్ట్రకూటులను, కాకతీయులను ఎక్కడ ఇరికించాలో అమ్మానాన్నలకే అంతుపట్టదు.

కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి చెందిన ఆతకూరు శాసనాన్నే తీసుకోండి. క్రీ.శ. 949 నాటిది, మండ్య ప్రాంతంలో దొరికింది. చోళులతో జరిగిన తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడో కృష్ణుడి పక్షాన పోరాడిన గంగరాజు రెండో బూతుగుడికి మణలేరుడనే అనుచరుడున్నాడు. అతని పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కుక్క అడవిపందితో పోరాడి, దాన్ని చంపి, తానూ చచ్చిపోయింది. దానికి రాయి నిలబెట్టారు. ఏడేళ్ల పిల్లకు ఇక్కడిదాకా చాలు, బొమ్మ గీసుకుంటుంది.

పన్నెండేళ్లవాడికి అసలు పని ఇక్కడే మొదలవుతుంది. చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి బూతుగుడు చంపాడని ఈ రాయి చెబుతుంది. చోళుల లైడెన్ తామ్రశాసనం మాత్రం, అతను ఏనుగు మీద పోరాడుతూ గుండెలో బాణం దిగి వీరస్వర్గానికి వెళ్లాడంటుంది. ఎవరు రాయించారు, ఎవర్ని పొగిడారు, ఏది చెప్పకుండా వదిలేశారు? మూడు నిలువు గళ్ల పట్టిక గీయించి రాయించండి. (శాసనం హళెగన్నడంలో, అంటే పాత కన్నడంలో ఉంది. తెలుగు, కన్నడ లిపులు అప్పటికి ఇంకా విడిపోలేదు, కాబట్టి మన పిల్లలు ఒకటి రెండు అక్షరాలు గుర్తుపట్టినా ఆశ్చర్యం లేదు.)

కాలరేఖకు పదేళ్లకు ఒక సెంటీమీటరు కొలత చాలు, 2500 ఏళ్లు రెండున్నర మీటర్ల గోడలో పడతాయి. కిరాణా కొట్టు బిల్లింగ్ రోల్ చవక కదా అని తెస్తారు. అది థర్మల్ కాగితం, వేడికీ రాపిడికీ నల్లబడుతుంది. సాదా కాగితం రోల్ అడిగి తీసుకోండి. మధ్యలో కొలత మార్చొద్దు. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1, సున్నా సంవత్సరం లేదు.

అపోహ: ఇద్దరు పిల్లలుంటే రెండు సెట్లు కొనాలి.

లెక్కలకైతే నిజమే. సైన్సు, చరిత్రలకు నాలుగేళ్ల తేడా ఉన్నా ఒకే పాఠం నడుస్తుంది, రాబట్టే పని మాత్రం వేరు. నీళ్ల ప్రయోగంలో చిన్నది నురగ బొమ్మ వేస్తుంది, పెద్దవాడు మూడుసార్లు కొలిచి సగటు తీస్తాడు.

అపోహ: పదో తరగతి పరీక్షకు ఆరో తరగతి నుంచే ఆ బోర్డు పుస్తకాలు చదవాలి.

ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల బోర్డు) సెకండరీకి, అంటే పదో తరగతికి, పద్నాలుగేళ్లు నిండాలి, అయిదు సబ్జెక్టులు చాలు, అందులో ఒకటైనా భాష ఉండాలి. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్ కూడా ఉంటుంది. పదో తరగతి స్థాయి విదేశీ పరీక్ష కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ అయితే ల్యాబ్ లేనివాళ్లకు ప్రాక్టికల్‌కు బదులు రాతపరీక్ష ఉంది, పేపర్ 6. కానీ ప్రైవేటు అభ్యర్థిని చేర్చుకునే స్కూలును ముందే వెతుక్కోవాలి. అక్కడ ఆలస్యం చేస్తే ఏ సిలబస్ చదివినా సీటు దొరకదు. పన్నెండు, పదమూడేళ్ల దాకా పై పద్ధతిలో సాగి, ఆ తర్వాత బోర్డు పుస్తకాలకు మారవచ్చు.

ఏది కొనాలన్నా ఏడాది సెట్ ఒకేసారి కొనకండి. రెండు సిలబస్‌ల నుంచి ఒకే అంశం మీద ఒక్కో నమూనా పాఠం తీసుకుని, వారానికి ఒకటి చొప్పున చెప్పండి. మీరు తయారవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. పాఠం అయిన మూడో రోజు పుస్తకం లేకుండా చెప్పమనండి. పిల్లకు బాగా గుర్తున్నా, మీకు రోజూ గంటన్నర తయారీ అడిగే పుస్తకమైతే అది మధ్యలోనే అటక ఎక్కుతుంది.