సంతకం పెట్టారుగా, ఇక చదవొచ్చా? ఆఫీసు మెయిల్ గొడవ వెనుక కథ

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత పని ఎంతవరకు చేసుకోవచ్చు, చేసుకుంటే కంపెనీ దాన్ని ఎంతవరకు చూడొచ్చు అన్న గొడవ మళ్లీ మొదలైంది. ఇంటి నుంచి పని పెరిగాక ఉద్యోగి స్క్రీన్‌ను ఫొటోలు తీసే, మౌస్ ఎంతసేపు కదల్లేదో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ల వాడకం బాగా పెరిగింది. ఎవరైనా అడిగితే యాజమాన్యాల నుంచి తరచూ వచ్చే జవాబు ఒకటే: చేరిన రోజే పాలసీ మీద సంతకం పెట్టారు కదా!

ఆ సంతకం విలువెంతో తేల్చిన కేసు 2007లో రొమేనియాలో మొదలైంది. ఇప్పటి గొడవంతా అందులోనే ఉంది.

బుకారెస్ట్‌లోని ఒక ప్రైవేటు కంపెనీలో అమ్మకాలు చూసే ఇంజినీరు. కస్టమర్లకు జవాబులివ్వడానికి యాహూ మెసెంజర్ అనే చాట్ ఖాతా తెరవమని కంపెనీయే అడిగింది. కంప్యూటర్లు, ఫోన్లు, ఫొటోకాపీ యంత్రాలు సొంతానికి వాడకూడదన్న నియమం ఉంది, దాని మీద అతని సంతకమూ ఉంది. సొంత పనులకు వాడినందుకు ఒక ఉద్యోగిని తీసేశామంటూ జులైలో ఒక నోటీసు కూడా తిప్పారు. అదే నెల 5 నుంచి 13 వరకు అతని మెసెంజర్ మీద కంపెనీ నిఘా పెట్టింది. తర్వాత పిలిచి అడిగితే, ఆఫీసు పనికే వాడానని రాసిచ్చాడు. అప్పుడు 45 పేజీల ప్రింటవుట్ ముందు పెట్టారు. సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడుకున్న మాటలవి. ఆరోగ్యం, పడకగది విషయాలు, అన్నీ ఉన్నాయి. ఆగస్టు 1న ఉద్యోగం ఊడింది.

అబద్ధం చెప్పాడు, నిజమే. కానీ నియమం మీరాడని నిరూపించడానికి 45 పేజీలు చదవాలా? ఎవరితో, ఎంతసేపు మాట్లాడాడో తెలిస్తే చాలదా?

రొమేనియా కోర్టులు కంపెనీ వైపే నిలిచాయి. 2016 జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా 6-1 తేడాతో అదే అంది. అదే కోర్టు విస్తృత ధర్మాసనం 2017 సెప్టెంబరు 5న 11-6 తేడాతో ఆ తీర్పును తిరగరాసింది. వాడకూడదని చెప్పడం వేరు, మీరు రాసుకున్నది చదువుతామని ముందే చెప్పడం వేరన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం. నిఘాకు కారణమేంటి, అంత లోతుకు వెళ్లక తప్పదా, తక్కువ చొరబాటుతో పని జరగదా అన్నవి కింది కోర్టులు చూడాల్సిందని తప్పుపట్టింది. యజమాని ఎన్ని నియమాలు పెట్టినా, పనిచోట మనిషి సొంత బతుకును సున్నా చేయలేడని తేల్చింది. ఇంత జరిగాక ఆ ఇంజినీరు చేతికొచ్చింది కోర్టు ఖర్చుల కింద 1,365 యూరోలు. నష్టపరిహారం లేదు.

కంపెనీల భయమూ ఊరికే పుట్టింది కాదు. 1995లో అమెరికాలో షెవ్రాన్ సంస్థ లైంగిక వేధింపుల కేసులో నలుగురు మహిళా ఉద్యోగులకు 22 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది. ఆఫీసు మెయిల్‌లో తిరిగిన వెకిలి జోకులు కూడా ఆ కేసులో సాక్ష్యమయ్యాయి. వైరస్‌లు, బయటికి పోయే ఫైళ్లు సరేసరి.

ఆ మరుసటి ఏడాదే పెన్సిల్వేనియాలోని ఫెడరల్ కోర్టు పిల్స్‌బరీ అనే కంపెనీ కేసులో తీర్పిచ్చింది. మెయిళ్లు చదవం, వాటిని చూపి ఉద్యోగం తీయం అని కంపెనీ పదేపదే మాటిచ్చిందని, తర్వాత ఆ మెయిళ్లే చూపి తీసేసిందని ఒక మేనేజరు ఫిర్యాదు. ఆయన చెప్పిందంతా నిజమే అనుకున్నా కేసు నిలవదని కోర్టు కొట్టేసింది. కంపెనీ మెయిల్‌లో రాశాక గోప్యత ఆశించకూడదట! మాటిచ్చి తప్పినా చెల్లినప్పుడు, ముందే సంతకం పెట్టించుకున్నవాళ్లకు ఇక అడ్డేముంది?

అమెరికాలో ఆ ధోరణి పెద్దగా మారలేదు. పనివేళలు కానప్పుడు యూనియన్ కబుర్లకు ఆఫీసు మెయిల్ వాడుకోవచ్చని 2014లో అక్కడి జాతీయ కార్మిక సంబంధాల బోర్డు అంది, 2019లో తనే వెనక్కి తీసుకుంది. 2022 మే నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో కొత్త చట్టం అమల్లో ఉంది. మెయిల్, ఫోన్, ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టే ప్రైవేటు సంస్థలు కొత్తగా చేరేవాళ్లకు ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పి, అందినట్టు వాళ్ల నుంచి ధ్రువీకరణ తీసుకోవాలి. అందరికీ కనిపించేలా నోటీసూ పెట్టాలి. చెప్పకపోతే మొదటిసారి 500 డాలర్లు, రెండోసారి 1,000, ఆ పైన ప్రతిసారీ 3,000 వరకు జరిమానా. చెప్పాక ఎంత లోతుగా చదవొచ్చన్న దానికి మాత్రం ఆ చట్టం హద్దు పెట్టలేదు.