60 వేల గీత: అప్పిచ్చేటప్పుడు పైకి జరిగింది, విడిపించేటప్పుడు కదల్లేదు

‘నెలనెలా జీతం పడుతున్నవాడు ఐపీ (దివాలా దరఖాస్తు) ఎలా పెడతాడు?’ హైదరాబాద్‌లో క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్ల బాకీల గొడవ రాజుకున్నప్పుడల్లా అప్పిచ్చినవాళ్ల వైపు నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఇప్పుడు మళ్లీ వినపడుతోంది. ఆదాయం ఉన్నవాడు దివాలాకు అర్హుడు కాడని చట్టంలో రాసి ఉన్నట్టే మాట్లాడుతున్నారు. అమల్లో ఉన్న చట్టంలో అలా ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్న ఒక్కచోటేమో 2016 నాటి దివాలా కోడ్‌లో ఉంది, ఆ అధ్యాయం ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

నగరంలో మామూలు మనిషి దివాలా దరఖాస్తు నేటికీ 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే సివిల్ కోర్టుకు వెళుతుంది. నేటి తగాదాకు కావలసినవి 2 సెక్షన్లు. 10వ సెక్షన్ ప్రకారం అప్పు తీర్చలేని స్థితి ఉండాలి. దానికి తోడు అప్పు కనీసం 500 రూపాయలైనా ఉండాలి, లేదా డిక్రీ (బాకీ కట్టమన్న కోర్టు తీర్పు) అమలులో మనిషి అరెస్టయి ఉండాలి, లేదా ఆస్తి మీద జప్తు ఉత్తర్వు ఉండాలి. ఆదాయ పరిమితి అన్న ఊసే లేదు. ఇక 24వ సెక్షన్. దరఖాస్తు పెట్టినవాడు అప్పులపాలైనవాడే అయితే, తీర్చలేనన్న మాటకు ప్రాథమికంగా నమ్మదగ్గ ఆధారం చూపితే చాలంటుంది. దీనికి ముందున్న చట్టం మీదే 1916లో ఛత్రపత్ సింగ్ దుగార్ కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది: షరతులు నెరవేరితే దివాలా ఉత్తర్వు కోరడం అతని హక్కు. నడవడిక మంచిదా చెడ్డదా అన్నది తర్వాత, డిశ్చార్జ్ (అప్పుల నుంచి విముక్తి) దశలో చూడాల్సిన సంగతి.

మరి జీతం లెక్కలోకి రాదా? వస్తుంది, కాకపోతే వేరే చోట. కూకట్‌పల్లిలో అద్దెకుంటూ నెలకు 31 వేలు తెచ్చుకునే మనిషి ఉన్నాడనుకుందాం. 2 క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోన్, పాడుకున్న చిట్టీ, బావమరిది దగ్గర చేబదులు, ఫోన్‌లో 3 లోన్ యాప్‌లు. నెలవారీ కట్టాల్సింది 34 వేలు. జీతం స్లిప్పు చూస్తే ఆదాయం ఉన్నవాడే, కిస్తీల పట్టిక పక్కన పెడితే తీర్చలేనివాడే. కోర్టు డిక్రీ మీద ఇతని జీతం జప్తు చేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ అడ్డుపడుతుంది. మొదటి 1,000 రూపాయలు ముట్టుకోకూడదు, మిగిలిన 30 వేలలో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. జప్తుకు దొరికేది 10 వేలు, ఇంటికి చేరేది 21 వేలు. దివాలా ఉత్తర్వు వచ్చాక కూడా ఆ రక్షణ పోదు. జప్తుకు లోబడని సొమ్ము దివాలా ఆస్తిలో కలవదని 1920 చట్టంలోనే ఉంది. అంటే ఆదాయం గుమ్మం దగ్గర అడ్డుకునేది కాదు, లోపలికి వెళ్లాక ఎంత ఇవ్వాలో తేల్చేది.

జైలు బెదిరింపుల సంగతీ అంతే. కట్టకపోతే లోపలేయిస్తామని రికవరీ ఏజెంట్లు ఫోన్లో ఎంత గట్టిగా అరిచినా, 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు అలాగే ఉంది. కట్టే స్తోమత ఉండి ఎగ్గొట్టేవాడి సంగతి వేరు, లేమి కారణంగా మనిషిని సివిల్ జైలుకు పంపడానికి వీల్లేదు.

అసలు మలుపు ఈ కోర్టుల్లో రాలేదు. 2010లో, ఇక్కడే వచ్చింది. ఎస్‌కేఎస్, స్పందన, షేర్ అప్పట్లో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన, పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలు. ఎస్‌కేఎస్ పబ్లిక్ ఇష్యూకు వచ్చిన ఏడాదే, వారం వారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారపు కిస్తీలు రద్దు, నెలకోసారే వసూలు, అదీ ఇంటి గుమ్మంలో కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోటే. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. గమనించాల్సిందేమంటే, అన్ని లక్షల మంది ఆడవాళ్లు అప్పుల్లో మునిగితే, కోర్టుకు వెళ్లి ఐపీ పెట్టుకోండమ్మా అన్నవాళ్లు లేరు. దివాలా చట్టం పేదవాళ్లకు పనికొచ్చే వస్తువని ఎవరికీ తట్టనే లేదు.

ఆ గొడవ తర్వాత మాలేగాం కమిటీ కూర్చుంది. 2011లో రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు వచ్చాయి. సూక్ష్మరుణం ఇవ్వాలంటే పల్లెలో కుటుంబ వార్షికాదాయం 60 వేలు, పట్టణంలో లక్షా 20 వేలు దాటకూడదు. మొదటి విడత అప్పు 35 వేలకు మించకూడదు. ఈ 60, ఈ 35 గుర్తుంచుకోండి.

2015 నవంబర్‌లో టి.కె. విశ్వనాథన్ కమిటీ దివాలా సంస్కరణల నివేదిక ఇచ్చింది, 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. అందులో పేదల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే దారి పెట్టారు. 80వ సెక్షన్ అర్హతలివి: వార్షికాదాయం 60 వేలు దాటకూడదు. ఆస్తులు 20 వేలు, అర్హమైన అప్పులు 35 వేలు మించకూడదు. తాకట్టులో ఉన్నదైనా సరే సొంతిల్లు ఉండకూడదు. దరఖాస్తును అనుమతిస్తే 180 రోజులు వసూళ్లు ఆగుతాయి, చివరికి ఆ అప్పు మాఫీ అవుతుంది. అంకెలు చూశారుగా, 60, 35. ఇవి కాకతాళీయంగా కలిశాయని నేననుకోను. అప్పిచ్చేవాడికి గీసిన గీతనే అప్పులో మునిగినవాడికీ గీశారు. అదీ పల్లె గీత. పట్నానికి వేరే అంకె ఉండాలన్న మాటే మరిచారు. పైగా అక్కడ చూసేది ఇంటిల్లిపాది ఆదాయం, ఇక్కడ దరఖాస్తు పెట్టుకున్న ఒక్కరిది.

ఇంకో విచిత్రం. నివేదిక వచ్చేనాటికే ఆ 60 వేలు పాతబడింది. 2015 ఏప్రిల్‌లోనే రిజర్వ్ బ్యాంక్ పల్లె పరిమితిని లక్షకు, పట్టణ పరిమితిని లక్షా 60 వేలకు పెంచింది. 2019లో లక్షా 25 వేలు, 2 లక్షలు. 2022 నుంచి పల్లె, పట్నం తేడా లేకుండా 3 లక్షలు. దివాలా కోడ్‌లో అంకె మాత్రం కదల్లేదు. తెలంగాణలో పట్టణ కుటుంబానికి ఆహార భద్రత కార్డు ఇచ్చే ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. రేషన్ బియ్యానికి పేద అనిపించుకున్న ఇంటి పెద్ద, నెలకు 5 వేలు దాటి సంపాదిస్తే చాలు, అప్పు మాఫీకి ధనవంతుడు. బస్తీలో 4 ఇళ్లలో పాచిపని చేసే మనిషి కూడా ఈ గీత కింద ఇమడడం కష్టం. లోన్ యాప్‌ల బాధితులకైతే మరో చిక్కు ఉంది. దరఖాస్తుకు ముందు 3 నెలల్లో చేసిన అప్పు ‘అర్హమైన అప్పు’ కాదు. 7 రోజుల గడువు అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు చేసేవాడి బాకీ ఎప్పుడూ కొత్తదే.

ఆ దారైనా తెరిచారా అంటే, తెరవలేదు. 2019 ఆగస్టులో అప్పటి కార్పొరేట్ వ్యవహారాల కార్యదర్శి ఇంజేటి శ్రీనివాస్ ఫ్రెష్ స్టార్ట్ వస్తోందని చెప్పారు. సూక్ష్మరుణ సంస్థలతో మాట్లాడామని, మూడు నాలుగేళ్లలో మొత్తం మాఫీ 10 వేల కోట్లు మించదని, ఒకసారి వాడుకుంటే 5 ఏళ్లదాకా మళ్లీ వీలుండదని వివరించారు. డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిందేమో కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు సంబంధించిన భాగం. వేల కోట్ల బాకీలకు సంతకం పెట్టిన ప్రమోటర్ల మీద చర్యకు దారి దొరికింది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 35 వేల బాకీ ఉన్నవాళ్ల అధ్యాయం కాగితం మీదే మిగిలింది.

రుణదాతల వాదనలో పస లేదని కాదు. ఊళ్లలో చిట్టీలు, వడ్డీ వ్యాపారాలు నడిపి, ఆస్తులు భార్య పేరిట మార్చి ఐపీ పెట్టినవాళ్ల కథలు అందరికీ తెలుసు. అందుకే 1920 చట్టంలో 53వ సెక్షన్ ఉంది. దివాలాకు ముందు 2 ఏళ్లలో చేసిన ఇలాంటి బదిలీలను కొట్టేయించవచ్చు. అది వాడకుండా జీతం స్లిప్పు చూపించి దరఖాస్తే కొట్టేయమనడం వేరే సంగతి.

అమెరికాలోని మనవాళ్లు వాట్సాప్‌లో పంపే సలహాలూ గందరగోళం పెంచుతున్నాయి. ఆదాయ పరీక్ష అక్కడిది, 2005 చట్టంతో వచ్చింది. గత 6 నెలల ఆదాయాన్ని ఆ రాష్ట్రపు మధ్యస్థ ఆదాయంతో పోలుస్తారు. దానికి లోబడితే, అప్పులు మాఫీ అయ్యే చాప్టర్ 7 దారికి ఆ పరీక్ష అడ్డు రాదు, మించితే ఖర్చులు తీసి మళ్లీ లెక్కిస్తారు. ఆ మధ్యస్థ ఆదాయం అంకెల్ని ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు.

మన కోడ్‌లో వ్యక్తుల డిఫాల్ట్ (గడువుకు కట్టని బాకీ) కనీస మొత్తాన్ని 1,000 రూపాయల నుంచి లక్ష దాకా నోటిఫికేషన్‌తో పెంచుకునే వీలు 78వ సెక్షన్‌లో ఉంది. 80వ సెక్షన్‌లోని 60 వేలకు అలాంటి వీలు పెట్టలేదు, పార్లమెంటు సవరించాల్సిందే. కాబట్టి నేటి తగాదా తేలాల్సింది 1920 చట్టం ప్రకారమే. అక్కడ జడ్జి ముందుండే ప్రశ్న జీతం ఎంత అన్నది కాదు, ఆ జీతంతో ఈ అప్పులు తీరతాయా అన్నది.