అణు కేంద్రం చెత్త ఎక్కడికి పోతుంది?

పిల్లలూ,

అణు విద్యుత్ కేంద్రం చెత్త అనగానే మీలో చాలామందికి కార్టూన్లలో పచ్చగా మెరిసే ద్రవం గుర్తొస్తుంది కదా. నిజానికి అందులో ఎక్కువ భాగం చూడ్డానికి మామూలు చెత్తే. పనివాళ్లు తొడుక్కుని తీసేసిన చేతి తొడుగులు, నేల తుడిచిన గుడ్డలు, ప్లాస్టిక్ షీట్లు, పాత ఫిల్టర్లు. దీన్ని తక్కువ స్థాయి రేడియోధార్మిక వ్యర్థం అంటారు. రేడియోధార్మికత అంటే కొన్ని పదార్థాలు వాటంతటవే హాని చేసే కిరణాలను వెదజల్లే గుణం. అణు వ్యర్థాల మొత్తం పరిమాణంలో ఇది సుమారు 90 శాతం, కానీ రేడియోధార్మికతలో దీని వాటా 1 శాతం దగ్గరే. వాడేసిన ఇంధనం కథ వేరు, అది ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. రేడియోధార్మికతను కాల్చి పోగొట్టలేం. అది పరమాణువు నడిమధ్య కేంద్రకంలో ఉంటుంది, మంట వేడి అక్కడిదాకా చేరదు. మరి ఆ గుడ్డల్ని ఎందుకు కాలుస్తారంటే, గది నిండా ఉన్న చెత్త కొద్దిపాటి బూడిద అవుతుందని. రేడియోధార్మిక పదార్థం చాలావరకు ఆ బూడిదలోనూ, పొగ బయటికి పోకముందు దాటే ఫిల్టర్లలోనూ మిగిలిపోతుంది. కాలనివాటిని పెద్ద ప్రెస్సులో పెట్టి నొక్కేస్తారు. బూడిదను సిమెంటులో కలిపి డ్రమ్ముల్లో గట్టిపడనిస్తారు, నీళ్లు తగిలినా కరిగి పోకుండా.

నీళ్ల విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రియాక్టరు నీటిని రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన సన్నటి పూసల గుండా పంపితే, అందులోని సీసియం, కోబాల్ట్ అనే రేడియోధార్మిక పదార్థాలు వాటికి అంటుకుంటాయి. పూసలు నిండాక అవే చెత్త అవుతాయి, ఒక్కోసారి వాటి రేడియోధార్మికత తక్కువ స్థాయి హద్దును కూడా దాటిపోతుంది. ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం మాత్రం ఇలా దొరకదు, ఎందుకంటే అది హైడ్రోజన్‌లోనే ఒక రకం, నీటి అణువులోనే కలిసిపోయి ఉంటుంది.

మిగతా పని కాలం చేస్తుంది. రేడియోధార్మికత దానంతటదే తగ్గుతూ పోతుంది. అయోడిన్-131 అనే పదార్థం ఎనిమిది రోజులకు సగమవుతుంది, కోబాల్ట్-60కి ఐదేళ్ల పైచిలుకు పడుతుంది, సీసియం-137కి 30 ఏళ్లు. సగంలో సగం చేస్తూ పదిసార్లు లెక్కవేసి చూడండి, వెయ్యో వంతు కన్నా తక్కువ మిగులుతుంది. సీసియానికైతే అది 300 ఏళ్ల మాట. అందాకా దాన్ని కదలకుండా పట్టి ఉంచడమే ఈ సిమెంటూ డ్రమ్ములూ చేసే పని.

ఒకప్పుడు కొన్ని దేశాలు ఈ డ్రమ్ముల్ని సముద్రంలో పడేసేవి. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది. 1993లో లండన్ ఒప్పందం కింద దాన్ని పూర్తిగా నిషేధించారు.

ఫ్రాన్స్‌లో లా మాంష్ అనే చోట 1969 నుంచి 1994 దాకా ఈ వ్యర్థాలను నిల్వచేసి, పైన కప్పేసి, ఇప్పుడు కాపలా కాస్తున్నారు. అక్కడ ఏం పెట్టారో శతాబ్దాలు నిలిచే కాగితం మీద రాసి, ఒక ప్రతిని జాతీయ పత్రాల భాండాగారంలో దాచారు. రెండొందల ఏళ్ల తర్వాత ఎవరైనా అక్కడ బావి తవ్వాలనుకుంటే, కింద ఏముందో వాళ్లకు తెలియాలి కదా.

ప్రేమతో,
మీ తాతయ్య