తూర్పు పేరు పెట్టుకున్న పడమటి రేవు

ఫ్రాన్స్ పడమటి అంచున, బ్రిటనీ తీరంలో ఉంది లోరియాన్. మూడున్నర శతాబ్దాల ఊరు. అయినా వీధుల్లో తిరిగితే పాత ఇల్లు కనబడటం కష్టం. ఎటు చూసినా 1945 తర్వాత కట్టినవే. రేవు పక్కన మాత్రం జర్మన్లు కట్టిన కాంక్రీటు కొండలు మూడు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఊరు నేలమట్టమై అవెలా మిగిలాయి?

1664లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. 1666లో ఓడలు కట్టుకోడానికి స్కోర్ఫ్ నది ఒడ్డున ఉన్న నేలను రాజు కంపెనీకి ఇచ్చాడు. అక్కడ తయారైన పెద్ద ఓడ పేరు 'సొలేయ్ దోరియాన్', అంటే తూర్పు సూర్యుడు. జనం నోట్లో ఆ పేరు 'లోరియాన్' అని కురచై, ఊరి పేరైపోయింది. ఆ తూర్పులో మనమూ ఉన్నాం.

ఉత్తమాటగా అనడం లేదు. 1669 నాటికే కంపెనీ మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. తర్వాత పుదుచ్చేరి, ఆ తర్వాత యానాం. మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టలంటే ఫ్రెంచివాళ్లకు ఎంత మోజంటే, తమ బతుకు పోతుందని అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. రాజు 1686లో వాటిని నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. అయినా జనం కట్టుకోవడం మానలేదు! 1730ల నుంచి కంపెనీ సరుకుల వేలం లోరియాన్‌లోనే జరిగేది. బట్టలు, మిరియాలు, టీ, పింగాణీ కోసం వర్తకులు దూరాల నుంచి వచ్చేవాళ్లు. ఇదే రేవు నుంచి ఆఫ్రికన్లను బానిసలుగా తరలించే ఓడలూ బయల్దేరాయి. ఊరి వైభవం గురించి చెబుతూ ఆ మాట దాటేయకూడదు.

1769లో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. రేవు రాజు చేతికి, నౌకాదళానికి వెళ్లింది. 1920లలో చేపల రేవు వచ్చింది.

1940 జూన్‌లో జర్మన్లు దిగారు. అట్లాంటిక్‌లో మిత్రరాజ్యాల ఓడలను ముంచే జలాంతర్గాములకు ఇక్కడ 1941 నుంచి కాంక్రీటు గూళ్లు కట్టారు. మూడో దాని పైకప్పు మందం ఏడు మీటర్లకు పైనే. బాంబులు దాన్ని ఏమీ చేయలేవని బ్రిటిష్ వాళ్లకు అర్థమైంది. అందుకే చుట్టూ ఉన్న ఊరినే కాల్చి, జలాంతర్గాములకు ఆసరా లేకుండా చేయాలనుకున్నారు. 1943 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రిళ్లు వేసిన బాంబులకు ఊరు దాదాపు తొంభై శాతం నాశనమైంది. గూళ్లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. నా మటుకు నాకు ఈ చరిత్రలో మింగుడుపడనిది ఇదే. అక్కడి జర్మన్ సేన లొంగిపోయింది 1945 మే 10న, అంటే యూరప్‌లో యుద్ధం ముగిశాక.

ఫ్రెంచి నౌకాదళం 1997 దాకా ఆ గూళ్లనే వాడుకుంది. ఇప్పుడక్కడ పందెపు తెరచాప పడవలు ఉంటాయి, జలాంతర్గామి మ్యూజియం ఉంది. నీటికి అవతల పోర్ లూయీ కోటలో కంపెనీ మ్యూజియం ఉంది. అందులో మన దేశపు అద్దకం బట్టలు నేటికీ భద్రంగా ఉన్నాయి.