పష్మీనా అసలుదేనా? ఉంగరంలో దూర్చి చూడొద్దు

నూలు, ఉన్ని పరీక్షించే ల్యాబ్‌లో నా పని. చలికాలం వస్తే చాలు, తెలిసినవాళ్లు నుమాయిష్‌లో కొన్న శాలువా ఫొటో పంపి "ఇది ఒరిజినలేనా?" అని అడుగుతారు. ఫొటో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ ప్రశ్నల వెనకున్న అపోహలు మాత్రం ఏటా అవే.

అపోహ: క్యాష్‌మీర్ అంటే కశ్మీర్ గొర్రెల ఉన్ని.

గొర్రె కాదు, మేక. ముతక బొచ్చు కింద చలికి పెరిగే సన్నటి నూగే క్యాష్‌మీర్. అందులో మేలు రకంతో నేసేదే పష్మీనా. లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమిలో, 4,000 మీటర్ల పైన, చాంగ్‌పా సంచార పశుపోషకులు ఈ మేకల్ని పెంచుతారు. వడకడం, నేయడం శ్రీనగర్ పని. ప్రపంచంలో ఎక్కువ సరుకు చైనాది, తర్వాత మంగోలియాది. లద్దాఖ్ వాటా ఒక శాతం కూడా ఉండదు.

అపోహ: మేకను చంపి తీస్తారు.

చలి తగ్గాక నూగు దానంతటదే వదులవుతుంది, దువ్వెనతో దువ్వి తీస్తారు. చంపి తీసేది షాతూష్. అది చిరు అనే టిబెట్ జింకది. 1979 నుంచి అంతర్జాతీయ వ్యాపారం నిషేధం, మన చట్టం ప్రకారమూ నేరమే. ఎవరైనా గుట్టుగా చూపిస్తానంటే అటు వెళ్లకండి.

అపోహ: ఉంగరంలోంచి దూరితే అసలుది. కాలిస్తే వెంట్రుక వాసన రావాలి.

పల్చటి విస్కోస్ (కృత్రిమ పట్టు లాంటి నూలు) శాలువా కూడా ఉంగరంలోంచి జారిపోతుంది. మామూలు గొర్రె ఉన్ని కాల్చినా అదే వాసన. చేతికి మెత్తగా తగలడమూ రుజువు కాదు, సిలికాన్ సాఫ్ట్‌నర్ పూస్తే ఏదైనా మెత్తగానే ఉంటుంది. మేం మైక్రోస్కోప్ కింద పోగు పైనుండే పొలుసులు చూస్తాం. గొర్రె ఉన్నిలో అవి మందంగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. క్యాష్‌మీర్‌లో పల్చగా, ఎడంగా ఉంటాయి. మందం ఒక్కటే కొలిస్తే చాలదు, ఎందుకంటే మేలు రకం మెరినో గొర్రె ఉన్ని కూడా 16 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా సన్నగా దొరుకుతుంది. ఒక్కోసారి మాలో మాకే అభిప్రాయం కుదరదు, అప్పుడు డీఎన్‌ఏ పరీక్షే దిక్కు.

అపోహ: ధరంతా బ్రాండు పేరుకే.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. చాంగ్‌తాంగ్ మేక ఏడాదికి ఇచ్చే ముడి నూగు సుమారు 200 నుంచి 300 గ్రాములు. మురికి, ముతక వెంట్రుకలు తీసేస్తే అందులో సగం కూడా మిగలదు. దాన్ని బియ్యప్పిండితో శుభ్రం చేసి, కశ్మీరీ ఆడవాళ్లు యెండర్ అనే రాట్నం మీద వడుకుతారు. 12 నుంచి 15 మైక్రాన్ల పోగు అంటే మన వెంట్రుకలో ఐదో వంతు. అంత సన్నటి నూలు మరమగ్గం మీద తెగిపోతుంది. అందుకే కొందరు నైలాన్ కలిపి నేసి, తర్వాత యాసిడ్‌తో ఆ నైలాన్‌ను కరిగించేస్తారు. ఉన్ని అసలుదే, కానీ పోగు దెబ్బతింటుంది.

కాబట్టి మరమగ్గం మీద నేసిన పష్మీనాను నకిలీ అనలేం. దాన్ని చేతిపని ధర పెట్టి కొనడమే తప్పు. 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన కశ్మీర్ పష్మీనాకు నూగు 16 మైక్రాన్ల లోపు ఉండాలి, చేత్తో వడకాలి, చేత్తో నేయాలి. అది తేల్చడానికి శ్రీనగర్‌లో ప్రత్యేక పరీక్షా కేంద్రమే ఉంది, పాసైన శాలువాకు లేబుల్ అతికిస్తారు. అమ్మేవాడు వేలల్లో చెబితే ఆ లేబుల్ అడగండి. ఇక సన్మానాల్లో కప్పేవాటి గురించి నన్నడక్కండి. వాటిలో చాలావాటికి మేకతో పరిచయమే లేదు.

అపోహ: శాలువా మీద నూగు ఉండలు కడితే నకిలీ.

క్యాష్‌మీర్ పోగు పొట్టిది, రాపిడి తగిలేచోట ఉండలు కట్టడం సహజం. మెల్లగా దువ్వి తీసేయండి, లాగకండి. ఎంబ్రాయిడరీ లేని సాదా శాలువాను చల్లటి నీళ్లలో, కొద్దిగా బేబీ షాంపూతో ఉతకొచ్చు. పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, నీడలో పరిచి ఆరబెట్టండి. హ్యాంగర్‌కు మాత్రం వేలాడదీయొద్దు, సాగిపోతుంది. బీరువాలో పెట్టేముందు మరక లేకుండా చూసుకోండి, పురుగు మొదట పట్టేది అక్కడే.