చక్రం మీద నారింజ చుక్కలు సబ్బుకి ఎందుకు లొంగవు?

"వారం వారం షాంపూ పెట్టి కడుగుతున్నా అల్లాయ్ వీల్స్ మీద సన్నటి నారింజ చుక్కలు పోవడం లేదు, గోటితో గీకినా రావడం లేదు, ఏం చెయ్యాలి?" అని ఒక పాఠకుడు అడిగారు. నాకు భలే నచ్చిన ప్రశ్న ఇది. అల్లాయ్ వీల్స్ అంటే అల్యూమినియం మిశ్రమలోహంతో చేసిన చక్రాలు, అల్యూమినియానికి అలాంటి తుప్పు పట్టదు కదా, మరి ఆ రంగు ఎక్కడిది?

బ్రేక్ డిస్క్ నుంచి, అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లెం నుంచి వచ్చింది. 1500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే సుమారు 5.8 లక్షల జౌళ్ల శక్తి ఎటో పోవాలి, మామూలు బ్రేకుల్లో అదంతా దాదాపు వేడిగానే మారుతుంది. ఆ రాపిడికి డిస్క్‌ని నొక్కి ఆపే ప్యాడ్ ఒక్కటే కాదు, పోత ఇనుముతో చేసిన డిస్క్ కూడా అరుగుతుంది. అందుకే బ్రేక్ డస్ట్‌లో, అంటే ఆ అరిగిన పొడిలో, కార్బన్, రెజిన్ అనే జిగురుతో పాటు ఇనుము దండిగా ఉంటుంది. బ్రేక్ వెయ్యగానే బరువు ముందుకి పడుతుంది కాబట్టి ముందు చక్రాలే ఎక్కువ నల్లబడతాయి.

ఈ ఇనుప రేణువులు వేడి మీద వచ్చి చక్రం పైనుండే క్లియర్ కోట్ అనే పారదర్శక పూతకి అతుక్కుంటాయి. తర్వాత తేమ తగిలి తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, గోడలో దిగిన మేకు తుప్పు పట్టి ఉబ్బితే చుట్టూ ప్లాస్టరు విచ్చుకున్నట్టే ఇక్కడ కోటింగ్ దెబ్బతింటుంది. సబ్బు జిడ్డుని లేపుతుంది గానీ ఐరన్ ఆక్సైడ్‌ని కరిగించలేదు. గట్టి బ్రష్‌తో రుద్దితే గీతలు మిగులుతాయి.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన రసాయనం వస్తుంది, థయోగ్లైకోలేట్. ఐరన్ రిమూవర్ అని అమ్మే స్ప్రేల్లో చాలావాటిలో ఉండేది ఇదే. జుట్టుని పెర్మింగ్ చేసే, అంటే ఉంగరాలు తిప్పే లోషన్లలో, అవాంఛిత రోమాలు తీసే క్రీముల్లో ఉండేది కూడా ఇదే కుటుంబం, ఆ ఘాటు వాసన గంధకం వల్లే. తుప్పులో ఇనుము మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితిలో, నీళ్లలో కరగకుండా మొండిగా ఉంటుంది. థయోగ్లైకోలేట్ దానికి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి కరిగే రూపంలోకి దింపి, తనలోని గంధకంతో ఒకవైపు, ఆక్సిజన్‌తో ఇంకోవైపు పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది. అలా ఇనుమూ థయోగ్లైకోలేటూ కలిసి ఏర్పడే సంక్లిష్టం గాలి తగులుతుండగా పచ్చ కాంతిని మింగేస్తుంది, మన కంటికి ఎరుపు కలిసిన ఊదా రంగు కనిపిస్తుంది. స్ప్రే కొట్టిన కాసేపటికి చుక్క చుక్కకీ చుట్టూ ఊదా మరక పుట్టి, ధారలుగా కిందికి జారడం చూసి తీరాలి. ఇనుముని కొలవడానికి ప్రయోగశాలల్లో వాడిన రంగు ఇదే!

అయితే ఎంత ఊదాగా కారితే అంత శుభ్రమైనట్టు అన్నది మూఢనమ్మకమే. రంగు చెప్పేది అక్కడ ఇనుము ఉందని మాత్రమే. స్ప్రే లోపలి డిస్క్‌కి తగిలినా ఊదా ధారలు వస్తాయి, డిస్కే ఇనుము కదా. తారు, రెజిన్ జిడ్డు ఉన్నచోట రంగే రాదు, వాటికి వేరే క్లీనర్ కావాలి.

ఇంకో నమ్మకం, ఎంత ఘాటైనది పోస్తే అంత మంచిదని. అల్యూమినియం మీద పొరగా ఉండే అల్యూమినియం ఆక్సైడ్ ద్విస్వభావ ఆక్సైడ్ అని స్కూల్లో పరీక్ష కోసం బట్టీ పట్టించి వదిలేస్తారు, దాని అర్థం మాత్రం చక్రం దగ్గర తెలుస్తుంది: దాన్ని గాఢ ఆమ్లమూ తింటుంది, కాస్టిక్ సోడా లాంటి క్షారమూ తింటుంది. కోటింగ్ లేచిపోయిన చోట పడితే లోహం మసకబారుతుంది. కొన్ని ఆమ్ల క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చర్మంలోంచి లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, నొప్పి గంటల తర్వాత మొదలవ్వచ్చు. దాని జోలికి పోవద్దు.

చక్రం చల్లారాకే మొదలుపెట్టండి, వేడి మీద రసాయనం ఎండిపోయి మరక కడుతుంది. ముందు నీళ్లు, తర్వాత షాంపూ, తర్వాత గ్లవ్స్ వేసుకుని పీహెచ్ తటస్థంగా, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా ఉన్న ఐరన్ రిమూవర్, సీసా మీద రాసినంత సేపే ఉంచి బాగా కడిగెయ్యడం. ఆరాక వాక్స్ గానీ సిరామిక్ కోటింగ్ గానీ వేస్తే కొత్త రేణువులు అంత గట్టిగా పట్టుకోవు. పొడిగా ఉన్న డస్ట్‌ని మాత్రం గాలి కొట్టి ఊదకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడిగాక డిస్క్ మీద పల్చటి తుప్పు పొర వస్తే కంగారు అక్కర్లేదు, బండి బయటికి తీశాక మెల్లగా నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే పోతుంది.